లేదని తేల్చే పనితనం

పోలియో వైరస్ కోసం మురుగునీటిని పరీక్షించే పని మొదట్లో చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. ఊరంతా నిద్రలేచి కాలకృత్యాలు తీర్చుకునే వేళకి ఒక మనిషి చేతులకి తొడుగులు వేసుకుని, తాడు కట్టిన చిన్న బకెట్టుని కాలవలోకి దించుతాడు. పైన తేలే నురగ రాకూడదు. అడుగున పేరుకున్న బురద కదలకూడదు. నడిమధ్య పారే నీళ్ళే కావాలి. లీటరు సీసా నింపి, మూత బిగించి, బయట శుభ్రంగా తుడిచి, తేదీ, వేళ, చోటు రాసి, ఐసు ప్యాకుల మధ్య పెట్టి ల్యాబుకి పంపిస్తాడు. వారం తిరిగేసరికి మళ్ళీ అదే వేళకి, అదే చోటికి వస్తాడు.

వేళ మారకూడదు, చోటు మారకూడదు. మధ్యాహ్నం వెళ్తే కాలవలో బట్టలుతికిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు, హోటళ్ళు వదిలిన నీళ్ళు ఎక్కువగా ఉంటాయి. మనుషుల కడుపుల్లోంచి వచ్చింది చిక్కగా పారేది పొద్దున్నే. ఒక వారం ఇక్కడ, ఇంకో వారం వంద గజాల అవతల ముంచితే రెండు ఫలితాలనీ పక్కపక్కన పెట్టి చూడలేం. సీసా దారిలో వేడెక్కితే వైరస్ చచ్చిపోతుంది. అప్పుడు ల్యాబు ‘లేదు’ అని చెబుతుంది గానీ అది ఊరి సంగతి కాదు, ఐసు కరిగిపోయిన సంగతి. ఈ పనిలో ఉన్న నేర్పంతా ఆ ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతుంది. ‘ఉంది’ అని చెప్పడానికి ఒక్క వైరస్ దొరికితే చాలు. ‘లేదు’ అని నమ్మకంగా చెప్పాలంటే ముంచిన చెయ్యి దగ్గర్నుంచి సూక్ష్మదర్శిని మీద వంగిన కన్ను దాకా ఎక్కడా తప్పు జరగలేదని రుజువుండాలి.

అసలు మురుగులో వెతకడం ఎందుకు? మా చంద్రగిరి వైపు నడివయసు దాటినవాళ్ళకి పోలియో అంటే కాలికి ఇనుప పట్టీలు, తిరుపతి బర్డ్ ఆస్పత్రిలో ఆపరేషన్లు, చంకల్లో కర్రలు. కళ్ళకి కనిపించిన పోలియో అదే. కానీ ఆ జబ్బు ఎక్కువగా కంటికి కనపడకుండానే తిరుగుతుంది. ఒకటో రకం వైరస్ సోకిన రెండు వందల మందిలో పక్షవాతం వచ్చేది సుమారు ఒకరికి. రెండో రకమైతే దాదాపు రెండు వేల మందిలో ఒకరికి. మిగిలిన పిల్లలు ఒకరోజు కాస్త ఒళ్ళు వెచ్చబడి లేచి ఆడుకుంటారు, లేదంటే అసలేమీ తెలియదు. కానీ అందరి పేగుల్లోనూ వైరస్ పెరుగుతుంది, కొన్ని వారాలపాటు మలంలో బయటికి వస్తూనే ఉంటుంది.

మన దేశంలో 1997 నుంచి ఒక కట్టుదిట్టమైన ఏర్పాటు ఉంది. పదిహేనేళ్ళలోపు పిల్లల్లో ఎవరికైనా ఉన్నట్టుండి కాలో చెయ్యో పడిపోతే డాక్టరు వెంటనే కబురు చెయ్యాలి. పద్నాలుగు రోజుల్లోగా, రోజు ఎడంతో రెండుసార్లు మలం నమూనా తీసి పంపాలి. దేశం పోలియోని గెలవడంలో దీని పాత్ర పెద్దది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పాపకి వచ్చిందే సహజ వైరస్‌తో వచ్చిన చివరి కేసు. 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతం మొత్తానికి పోలియో రహితమన్న ధ్రువపత్రం వచ్చింది. అయినా ఈ ఏర్పాటుకి కనిపించేది పడిపోయిన పిల్లే. ఆ పిల్ల వెనక ఉన్న రెండు వందల మందీ దాని కంటపడరు. వాళ్ళు కాలవకి మాత్రం దొరుకుతారు. అందుకే మన దేశంలో 2001లో ముంబయి మురికివాడల కాలవలతో ఈ పని మొదలైంది. తరవాత ఢిల్లీ, పట్నా, కోల్‌కతా, ఇంకా కొన్నాళ్ళకి హైదరాబాదు లాంటి నగరాలూ చేరాయి.

ఎక్కడ ముంచాలన్నది ఎంచుకోవడమే ఒక విద్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారం ఒక చోటికి చేరే మురుగు లక్ష నుంచి మూడు లక్షల మందిదైతే మేలు. అంతకన్నా తక్కువైతే ఊళ్ళో ఒక వీధే కనపడుతుంది, మరీ ఎక్కువైతే ఒక పిల్లవాడి వైరస్ ఆ వరదలో కలిసి జాడ లేకుండా పోతుంది. హైదరాబాదు అంబర్‌పేటలోని శుద్ధి కేంద్రం రోజుకి 33.9 కోట్ల లీటర్ల మురుగుని శుభ్రం చేసేలా కట్టింది. అన్ని నీళ్ళల్లోంచి లీటరు తీసి ఒక వైరస్ జాతిని పట్టుకోవచ్చంటే మొదటిసారి విన్నవాడు నవ్వుతాడు. హెల్సింకీలో పరిశోధకులు ఈ అనుమానాన్ని తీర్చుకోవడానికి టీకాలో వాడే పోలియో వైరస్‌ని తెలిసిన మోతాదులో, శుద్ధి కేంద్రానికి 20 కిలోమీటర్ల ఎగువన మురుగు గొట్టంలోకి వదిలి, దిగువన కాపు కాశారు. వైరస్ వచ్చింది. ఒక్క రోజు కాదు, నాలుగు రోజుల దాకా వస్తూనే ఉంది. గొట్టాల గోడలకి పట్టిన జిగురు, మడ్డి దాన్ని కాస్త కాస్తగా వదిలాయన్నమాట. వారానికొకసారి ముంచినా చాలన్న ధైర్యానికి ఇలాంటి ప్రయోగాలే ఆధారం.

హైదరాబాదులో ఇది సాధ్యపడడానికి పాతకాలపు పని కూడా తోడైంది. 1908 మూసీ వరద తరవాత నిజాం పిలిస్తే వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వరద కట్టడికే కాక భూగర్భ డ్రైనేజీకీ పథకం వేసి ఇచ్చారు. లక్షల ఇళ్ళ మురుగు ఒక దారిన పడి ఒక చోట చేరితేనే ఒక సీసాతో అందరినీ ఒకేసారి పరీక్షించగలం. ఎవరి ఇంటి తలుపూ తట్టక్కర్లేదు, ఎవరి పేరూ అడగక్కర్లేదు.

ఇక ల్యాబులో జరిగేది చూద్దాం. నాకు ఈ పని మీద అభిమానం పుట్టింది ఇక్కడే.

వచ్చిన లీటరులో సగం భద్రంగా దాచిపెడతారు. మిగిలిన అర లీటరుని సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పితే మడ్డి అడుగుకి దిగుతుంది. దాన్ని పారెయ్యరు. వైరస్‌లు మట్టి రేణువులకి అంటుకుని కూర్చునే అలవాటున్నవి కాబట్టి ఆ మడ్డిని విడిగా దాస్తారు, చివర్లో దాని అవసరం వస్తుంది. పైన తేరుకున్న నీళ్ళకి ఉప్పు, డెక్స్‌ట్రాన్, పాలీ ఇథిలీన్ గ్లైకాల్ కలుపుతారు. చివరి రెండూ నీళ్ళల్లో కరిగేవే, కానీ ఒకదాంతో ఒకటి పొసగవు. చల్లగా గంటసేపు కలియబెట్టి, కింద కొళాయి ఉన్న పెద్ద గాజు గరాటులో పోసి, ఫ్రిజ్ చలిలో రాత్రంతా వదిలేస్తారు. తెల్లారేసరికి నీళ్ళు రెండు పొరలుగా విడిపోయి ఉంటాయి. డెక్స్‌ట్రాన్ బరువైంది గనక కింద సన్నటి పొరగా చేరుతుంది, గ్లైకాల్ పైన ఉంటుంది. వైరస్‌లు ఆ కింది పొరలోకీ, రెండు పొరల మధ్య అంచులోకీ వచ్చి చేరతాయి. అర లీటరులో చెల్లాచెదురుగా ఉన్నవి సుమారు పది మిల్లీలీటర్లలోకి వచ్చేశాయన్నమాట. ఖరీదైన యంత్రమేమీ లేదు. రెండు పదార్థాల మధ్య పొసగకపోవడమే వైరస్‌ని యాభై రెట్లు చిక్కబరిచింది.

ఇప్పుడు ఆ కొళాయి తిప్పే చెయ్యి ముఖ్యం. తొందరపడి తిప్పితే పొరలు కలిసిపోతాయి, పైపొర కూడా దిగి వచ్చేస్తుంది. మరీ ముందే ఆపితే వైరస్‌లు ఎక్కువగా ఉండే మధ్య అంచు గరాటులోనే మిగిలిపోతుంది. కన్ను ఆ గీత మీద పెట్టి బొట్టు బొట్టుగా దించాలి, అంచు దాటగానే కట్టెయ్యాలి. దాంట్లో దాచిన మడ్డిని కలిపి, క్లోరోఫాం పోసి గట్టిగా కుదుపుతారు. క్లోరోఫాం దెబ్బకి బాక్టీరియా, బూజులు, కొవ్వు పొర తొడుక్కున్న వైరస్‌లు నశిస్తాయి. పోలియో వైరస్‌కి అలాంటి కొవ్వు పొర లేదు, కాబట్టి దానికేమీ కాదు. కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుని పేగుల దాకా వెళ్ళే మొండి జీవం అది. దాని మొండితనాన్నే ల్యాబువాళ్ళు జల్లెడగా వాడుకున్నారు.

ఆ తరవాత దాన్ని బతికున్న కణాల మీద పోస్తారు. రెండు రకాల కణాలు వాడతారు. ఆర్‌డీ అనేవి మనిషి కండరపు కణితి నుంచి వచ్చినవి, వాటి మీద పోలియోతో పాటు దాని దాయాదులైన ఎన్నో పేగు వైరస్‌లు పెరుగుతాయి. ఎల్20బీ అనేవి ఎలుక కణాలు. మామూలుగా అయితే ఎలుక కణానికి పోలియో సోకదు. మనిషి కణం మీద పోలియో వైరస్ పట్టుకుని లోపలికి దూరే ఒక ప్రొటీను ఉంటుంది. దాని జన్యువుని ఈ ఎలుక కణాల్లో పెట్టారు. దాంతో దాయాదుల్లో చాలావాటికి ప్రవేశం లేకుండా పోయి, పోలియోకి మాత్రం తలుపు తెరుచుకుంది. ఎన్నెన్నో రకాల జీవాలున్న మురుగులోంచి ఒకే ఒక్కదాన్ని పిలిచి బయటికి రప్పించడానికి ఇంతకన్నా చక్కటి ఉపాయం నాకు తెలిసి లేదు.

ఒక్కో నమూనాని అయిదు ఎల్20బీ ఫ్లాస్కుల్లో, ఒక ఆర్‌డీ ఫ్లాస్కులో పోస్తారు. అయిదెందుకంటే ఒకే మురుగులో రెండు మూడు జాతుల పోలియో వైరస్‌లు ఉండవచ్చు. ఒకే ఫ్లాస్కులో వేస్తే వేగంగా పెరిగేది నెమ్మదిగా పెరిగేదాన్ని తొక్కేస్తుంది. ప్రమాదకరమైనది నెమ్మదిదే కావచ్చు. వేరు వేరు ఫ్లాస్కుల్లో వేస్తే దేనికది బతికే అవకాశం ఉంటుంది. అక్కణ్ణుంచి రోజూ సూక్ష్మదర్శిని కింద చూడాలి. అంటుకుని చాపలా పరుచుకున్న కణాలు వైరస్ సోకితే గుండ్రంగా ముడుచుకుని, మెరిసి, అంటు వదిలి తేలిపోతాయి. అయిదు రోజులు చూసి, ఏమీ కనిపించకపోతే కొత్త కణాల మీదికి మార్చి మళ్ళీ అయిదు రోజులు చూస్తారు. తొందరగా ‘లేదు’ అనెయ్యడానికి వీల్లేదు.

ముందు అన్న చిక్కుకి జవాబు దొరికేదిక్కడే. ల్యాబుని, నమూనా తీసే చోటుని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కట్టేది పోలియో ఎన్నిసార్లు దొరికిందన్న దాన్ని బట్టి కాదు. ఏడాదిలో తీసిన నమూనాల్లో కనీసం సగంలోనైనా ఏదో ఒక పేగు వైరస్ దొరికిందా అని చూస్తారు. పిల్లలున్న ఏ ఊరి మురుగులోనైనా ఆ దాయాది వైరస్‌లు ఉండి తీరతాయి. అవి దొరుకుతూ పోలియో మాత్రం దొరకలేదంటే చోటు మంచిదే, సీసా చల్లగానే వచ్చింది, కొళాయి తిప్పిన చెయ్యి సరైనదే, కణాలు బతికే ఉన్నాయి, నిజంగానే పోలియో లేదు. ఏ వైరసూ దొరకలేదంటే మాత్రం సంబరపడకూడదు, ఎక్కడో ఏదో చెడిందని వెతకాలి. మన దఫ్తరాల్లో ఎన్ని రిపోర్టులు ‘ఏమీ లేదు’ అన్న మాటతో నిండి ఉంటాయో, వాటిలో ఎన్నింటికి ఇలాంటి ఎదురు సాక్ష్యం అడుగుతామో ఆలోచిస్తే ఈ చిన్న ఏర్పాటు విలువ తెలుస్తుంది.

పోలియో దొరికినప్పుడు మొదలయ్యేది అక్షరాల పని. వైరస్ పైపొరని తయారుచేసే వీపీ1 అనే భాగంలో సుమారు 900 జన్యు అక్షరాలుంటాయి. వాటిని వరసగా చదివి చుక్కల మందులోని అసలు టీకా వైరస్‌తో పోల్చి చూస్తారు. చుక్కల మందులో ఉన్నది బలహీనపరిచిన బతికున్న వైరస్. అది పిల్లల పేగుల్లో పెరిగి బయటికి రావడం మామూలే, అలా రావాలనే వేస్తారు. కానీ టీకాలు సరిగ్గా పడని చోట ఒక పిల్ల నుంచి ఇంకో పిల్లకి పాకుతూ పోతే దాని అక్షరాలు మారుతూ వస్తాయి, ఏడాదికి నూటికి ఒకటి లెక్కన. అంటే సుమారు తొమ్మిది అక్షరాలు. మారిన అక్షరాలు లెక్కపెడితే ఆ వైరస్ చుక్కల మందులోంచి బయటపడి ఎన్నాళ్ళయిందో తెలిసిపోతుంది. రెండో రకంలో ఆరు అక్షరాలు మారితే చాలు, దాన్ని టీకా నుంచి పుట్టిన వేరు వైరస్‌గా లెక్కకడతారు. అది మళ్ళీ పక్షవాతం తెచ్చే శక్తిని సంపాదించుకుంటున్నదని అనుమానం.

హైదరాబాదులో 2016లో దొరికింది అదే. రెండో రకం సహజ వైరస్ చివరిసారి కనిపించింది 1999లో, మన దేశంలోనే, అలీగఢ్‌లో. అది లోకంలో లేకుండా పోయిందని 2015 సెప్టెంబరులో ప్రకటించారు. లేని జబ్బుకి బతికున్న వైరస్‌తో టీకా వెయ్యడం కొరివితో తల గోక్కోవడమే కాబట్టి 2016 ఏప్రిల్ 25న మన దేశం చుక్కల మందులోంచి రెండో రకాన్ని తీసేసింది. ఇది జరిగిన కొద్ది వారాలకే, మే నెలలో అంబర్‌పేట దగ్గర తీసిన మురుగులో టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ బయటపడింది. ఏ పిల్లకీ కాలు పడిపోలేదు. ఏ ఆస్పత్రిలోనూ కేసు లేదు. సీసాలో నీళ్ళు మాత్రం ‘ఉంది’ అని చెప్పాయి.

తరవాత జరిగింది అంతే నేర్పుగా జరిగింది. రెండో రకానికి చుక్కల మందు తిరిగి వెయ్యకుండా సూదిమందే వెయ్యాలనుకున్నారు. సూదిమందుకి అప్పుడు ప్రపంచమంతటా కొరత. కండరంలోకి అర మిల్లీలీటరు వేసే బదులు చర్మం పొరలో అందులో అయిదో వంతు వేస్తే సరిపోతుందని అప్పటికే తేలింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో సహా ఎనిమిది రాష్ట్రాల్లో ఆ ఏడాదే ఆ పద్ధతి మామూలు టీకాల్లో చేరింది కూడా. హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో జూన్ మూడో వారంలో ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు వీధివీధినా తిరిగి ఆరు వారాల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకి ఈ చర్మపు సూది వేశారు. 3 లక్షల 11 వేల మందికి పడింది, అనుకున్నవాళ్ళలో నూటికి 94 మంది. ఏడుస్తున్న పసిపిల్ల చేతి చర్మంలో నీటిపొక్కు లేచేలా 0.1 మిల్లీలీటరు ఎక్కించడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళని అడిగితే చెబుతారు. పిల్లలెవరికీ జబ్బు రాలేదు కాబట్టి పత్రికల్లో నాలుగు రోజులు తిరిగి ఆ వార్త మాయమైపోయింది. నా లెక్కలో తెలుగునేల మీద ఈ శతాబ్దంలో జరిగిన అతి చక్కటి ప్రజారోగ్య పనుల్లో అదొకటి.

రెండేళ్ళకి ఇంకో సంగతి జరిగింది. తీసేశామనుకున్న రెండో రకం 2018లో ఉత్తరప్రదేశ్‌లో తిరిగి కనిపించింది. అక్షరాలు చదివి చూస్తే తాజా టీకా వైరస్ అది. ఆరా తీస్తే గాజియాబాద్‌లోని ఒక కంపెనీ చుక్కల మందు సీసాల్లోనే అది కలిసి ఉందని తేలింది. ఆ మందు తెలంగాణకీ వచ్చింది. కంపెనీ కాగితాలు బయటపెట్టని నిజం నిఘా నమూనాల్లో బయటపడింది.

చుక్కల మందు లేని దేశాలకి ఈ కాపలా ఇంకా అవసరం. సూదిమందు పడ్డ పిల్లకి పక్షవాతం రాదు గానీ పేగుల్లో వైరస్ పెరగకుండా అది అంతగా ఆపలేదు. 2013లో ఇజ్రాయెల్ మురుగులో సహజ వైరస్ నెలల తరబడి దొరికింది. ఒక్క పిల్లకీ జబ్బు రాలేదు. ఊరంతా వైరస్, కేసు సున్నా. 2022లో లండన్ మురుగులోనూ దాదాపు ఇదే కథ.

ఇక మావైపు సంగతి. మా చంద్రగిరిలో చాలా ఇళ్ళకి సెప్టిక్ ట్యాంకులే. స్నానాల నీళ్ళు సైడు కాలవలోకి, మిగతాది భూమిలోకి. లీటరు సీసా పట్టుకుని ఎక్కడ ముంచాలి? ట్యాంకులు తోడే బండి నుంచి తీస్తే అందులో ఏళ్ళ తరబడి నిలవున్నది కలిసి ఉంటుంది, ఈ వారం సంగతి తెలియదు. దీనికి ఒక పాత ఉపాయం ఉంది. 1940ల్లో ఇంగ్లండులో బ్రెండన్ మూర్ అనే ఆయన పారాటైఫాయిడ్ ఎవరి ఇంట్లోంచి వస్తున్నదో కనిపెట్టడానికి దెబ్బలకి కట్టే గాజ్ గుడ్డ మడిచి, దారం కట్టి, కాలవలో వేలాడదీశాడు. ఒకటి రెండు రోజులు పారే నీళ్ళల్లో ఉంటే అది వచ్చినదాన్నల్లా పట్టుకుంటుంది. కాలవ వెంబడి ఎగువకి పోతూ ఒక్కో మలుపులో ఒక్కో గుడ్డ వేలాడదీస్తే చివరికి ఇల్లే దొరుకుతుంది. మనకి చిత్తూరు దాటితే వచ్చే వేలూరులో సీఎంసీ పరిశోధకులు ఇటీవల టైఫాయిడ్ బాక్టీరియా కోసం ఊరి కాలవల్లో ఇదే పద్ధతి వాడారు. గుడ్డకి ఒక లోపం ఉంది. దాని మీదుగా ఎన్ని నీళ్ళు పోయాయో తెలియదు, కాబట్టి ఉందా లేదా అని చెప్పగలదు గానీ ఎంత ఉందో చెప్పలేదు. సన్నటి కాలవలున్న ఊరికి అది చాలు.

నన్నడిగితే ఈ చుట్టుపక్కల ముందు చూడాల్సింది తిరుమల మురుగుని. రోజుకి అరవై డెబ్భై వేలమంది దేశం నలుమూలల నుంచి కొండెక్కి దిగుతారు. అలాంటి చోట ఏదైనా దొరికితే అది ఎవరి ఊరిదన్న ప్రశ్న వస్తుంది, తెచ్చినవాళ్ళు అప్పటికి రైలెక్కేసి ఉంటారు. దానికీ జవాబు ఆ 900 అక్షరాల్లోనే ఉంది. ముంబయి కాలవల్లో దొరికిన వైరస్‌ల అక్షరాలు చదివి అవి ఉత్తరప్రదేశ్, బీహారు నుంచి వచ్చినవని ఎంటరోవైరస్ రీసెర్చ్ సెంటర్‌లో డాక్టర్ జగదీశ్ దేశ్‌పాండే బృందం చెప్పగలిగింది. ఏ ఏ ఊళ్ళ వైరస్‌ల అక్షరాలు ముందే చదివి దాచిపెట్టి ఉన్నాయో ఆ ఊళ్ళ వరకే ఆ పోలిక పనిచేస్తుంది.